జులైలో ఘాట్ల మీద బండి ప్రయాణం: వాటర్‌ప్రూఫ్ జాకెట్టా, పైన తొడుక్కునే రెయిన్ సూటా?

మీరు అడిగింది ఇదీ: జులై చివరి వారంలో హైదరాబాద్ నుంచి షోలాపూర్, కొల్హాపూర్ మీదుగా అంబోలి ఘాట్ దిగి గోవా, అక్కణ్నుంచి అగుంబె, చిక్కమగళూరు చూసుకుని తిరిగి ఇంటికి. 350 సీసీ బండి, వెనక మీ ఆవిడ. మీ దగ్గర మెష్ రైడింగ్ జాకెట్ (గాలాడేలా వల లాంటి బట్టతో కుట్టింది) ఉంది, దాంతోపాటే లోపల జిప్‌తో తగిలించుకునే రెయిన్ లైనర్ వచ్చింది. ఆ లైనర్ సరిపోతుందా, పాతిక వేలు పెట్టి వాటర్‌ప్రూఫ్ జాకెట్ కొనాలా, లేక పైన తొడుక్కునే రెయిన్ సూట్ చాలా? వెనక కూర్చునేవాళ్లకి మామూలు రెయిన్‌కోటు ఇస్తే పర్లేదా?

సూటిగా చెప్తాను. మీ మెష్ జాకెట్ అలాగే ఉంచుకుని, దాని పైన తొడుక్కునే రెండు ముక్కల రెయిన్ సూట్ కొనండి. లైనర్‌ని నమ్ముకోకండి. పాతిక వేల జాకెట్ ఈ ప్రయాణానికి అక్కర్లేదు. ఆ మిగిలిన డబ్బులో కొంత చేతులకీ కాళ్లకీ పెట్టండి, ఇంకో మంచి సూట్ మీ ఆవిడకి కొనండి. మామూలు రెయిన్‌కోటు మాత్రం వద్దు. ఎందుకో చివర్లో చెప్తాను.

మాది రాజమండ్రి. మారేడుమిల్లి ఘాట్ పక్కనే ఉంది, వానాకాలం వస్తే పడమటి కనుమల వైపు కూడా వెళ్తుంటాను. మా గ్రూపులో కొత్తగా చేరినవాళ్ల సామాను చూసి ఇది ఉంచు, అది తీసెయ్ అని చెప్పే పని ఎలాగో నా నెత్తిన పడింది. కాబట్టి ఇక్కడ రాసేదంతా నా ఒంటి మీద చూసింది, వాళ్ల ఒంటి మీద చూసింది.

ముందు వాన సంగతి. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం కురిసేది దాదాపు 800 మిల్లీమీటర్లు. అగుంబెలో 7,000 దాటుతుంది, అంబోలీ దానికి తీసిపోదు. ఒక్క రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ భారీ వర్షం అంటుంది, 115.5 దాటితే అతి భారీ, 204.4 కూడా దాటితే అత్యంత భారీ. మన దగ్గర ఈ మాటలు వార్తల్లో వింటే సెలవు ఇస్తారేమో అని చూస్తాం. అక్కడ జులైలో అది మామూలు దినచర్య. ఇంకో తేడా ఏంటంటే, మన ఊళ్లలో వాన అరగంట దంచి కొట్టి ఆగిపోతుంది. పెట్రోల్ బంకు కింద నిలబడి టీ తాగేలోపు తగ్గుతుంది. కనుమల్లో ముసురు పొద్దున మొదలైతే సాయంత్రం దాకా వదలదు. ఆగుదాం, తగ్గాక వెళ్దాం అనే లెక్క అక్కడ పనిచెయ్యదు. అరగంట వానకి సరిపోయిన వస్తువు ఆరు గంటల వానకి ఎందుకు సరిపోదో ఇక్కడే తెలుస్తుంది.

ఇక మీ లైనర్. అది నీళ్లు ఆపదని కాదు, ఆపుతుంది. కానీ అది ఉండేది లోపల. పైనున్న మెష్, దాని పాడింగ్, మోచేతి గార్డులు, జేబులు అన్నీ నీళ్లు పీల్చుకుంటాయి. జాకెట్ బరువెక్కుతుంది. తడిసిన బట్ట మీద గాలి కొడుతుంటే ఒంట్లో వేడి లాగేస్తుంది. ఘాట్ పైన 20 డిగ్రీలే ఉన్నా గజగజా వణుకుతూ బండి నడపాల్సి వస్తుంది. దీనికి తోడు వాన మొదలవగానే రోడ్డు పక్కన నిలబడి జాకెట్ విప్పి, లైనర్ జిప్ తగిలించి మళ్లీ తొడుక్కోవాలి. ఆ రెండు నిమిషాల్లో సగం తడుస్తారు. రాత్రి లాడ్జిలో జాకెట్ ఆరదు, తెల్లారి ఆ చల్లటి తడి జాకెట్‌లోనే చేతులు దూర్చాలి. రెయిన్ సూట్ పైన ఉంటే లోపలి జాకెట్ పొడిగా ఉంటుంది. సూట్‌ని మాత్రం దులిపి తగిలిస్తే చాలు. లైనర్‌ని సంచిలో వేసుకోండి, సాయంత్రం చలేస్తే గాలి ఆపడానికి పనికొస్తుంది.

పాతిక వేల జాకెట్ ఎందుకు వద్దన్నాను? గోర్‌టెక్స్ లాంటి పొర ఉన్న జాకెట్లు మంచివే, వాటి మీద నాకేం కోపం లేదు. ఆ పొరలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి. నీటి బొట్టు దూరలేనంత చిన్నవి, చెమట ఆవిరి మాత్రం బయటికి పోయేంత పెద్దవి. అయితే ఆవిరి దానంతటది బయటికి పోదు. లోపల ఆవిరి ఎక్కువగా, బయట తక్కువగా ఉంటేనే పోతుంది. పది డిగ్రీల చలిలో, హిమాచల్ వైపో యూరప్‌లోనో, ఈ తేడా బాగా ఉంటుంది కాబట్టి జాకెట్ హాయిగా పనిచేస్తుంది. కొంకణ్‌లో జులైలో బయట గాలే నీళ్లతో నిండి ఉంటుంది. 27 డిగ్రీలు, తేమ 95 శాతం. లోపలి ఆవిరి వెళ్లే చోటు తగ్గిపోతుంది. పైగా ఆ జాకెట్ల పైబట్టకి నీళ్లు జారిపోయేలా ఒక పూత ఉంటుంది. అది అరిగిపోతే పైబట్ట నీళ్లు పీల్చుకుని తడిగా అతుక్కుంటుంది. పొర నీళ్లని ఆపుతూనే ఉంటుంది కానీ గాలాడడం ఆగిపోతుంది. అంటే ఎక్కువ డబ్బు దేనికి పెట్టామో ఆ పనే సరిగా జరగదు.

ఇందులో ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆ ధరలో దొరికే చాలా జాకెట్లలో పొర పైబట్టకి అతికించి ఉండదు, లోపల వేలాడుతూ ఉంటుంది. అంటే పైబట్ట ఎలాగూ తడుస్తుంది, మీ లైనర్ కథే ఇంకొంచెం ఖరీదుగా. పొర పైబట్టకే అతికించినవి కావాలంటే ధర రెట్టింపు దాటుతుంది. మీరు రేపు స్పితీకో భూటాన్‌కో వెళ్లేదుంటే అప్పుడు ఆలోచిద్దాం.

ఇప్పుడు రెయిన్ సూట్ ఎలా ఎంచుకోవాలి. షాపులో చూడగానే లేబుల్ మీద 5,000 మిల్లీమీటర్లు, 10,000 మిల్లీమీటర్లు అని అంకెలు కనపడతాయి. బట్ట మీద గొట్టం నిలబెట్టి నీళ్లు పోస్తూ పోతే ఎంత ఎత్తు దాకా కారకుండా ఆపిందో ఆ లెక్క. 10,000 అంటే పది మీటర్ల నీళ్లు. అందరూ దీన్నే చూసి కొంటారు. నన్నడిగితే ఈ అంకె ఒక స్థాయి దాటాక పట్టించుకోనక్కర్లేదు. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఛాతీ మీద పెట్టే ఒత్తిడి దాదాపు 30 మిల్లీమీటర్ల నీళ్లతో సమానం, అంతే. చినుకులు తగిలే దెబ్బ అంతకన్నా చాలా ఎక్కువే గానీ అది రెప్పపాటులో చెదిరిపోతుంది. విడవకుండా ఒత్తేది మనం కూర్చున్న చోట. 70 కిలోల మనిషి అడుగు పొడవు, అడుగు వెడల్పు జాగాలో కూర్చుంటే అక్కడ ఒత్తిడి 700, 800 మిల్లీమీటర్ల నీళ్లంత. గుంతలో పడితే అది ఇంకా రెండు మూడింతలు. అందుకని 1,500 రేటింగ్ ఉన్న చవక సూట్ ప్యాంటు దగ్గర చేతులెత్తేస్తుంది. 5,000 ఉంటే పని నడుస్తుంది, 10,000 ఉంటే నిశ్చింత. 20,000 కోసం ఎక్కువ డబ్బులు పెట్టకండి.

పైగా ఆ అంకె బట్టది, సూట్‌ది కాదు. కుట్టు వేసిన ప్రతి చోటా సూది బట్టకి రంధ్రం పెడుతుంది. సూట్ తిరగేసి లోపలి వైపు చూడండి. ప్రతి కుట్టు మీదా సన్నటి టేపు వేడితో అతికించి ఉండాలి. నాలుగు కుట్లు కలిసే చోట, అంటే చంకల్లో, కాళ్ల మధ్యన, టేపు మీద టేపు సరిగ్గా పడిందో లేదో గోరుతో గీకి చూడండి. అంచు లేస్తే అక్కడే పెట్టెయ్యండి. కొన్ని విదేశీ సూట్ల మీద ఈఎన్ 343 అని రాసి ఉంటుంది, అది వాన బట్టలకి యూరప్ వాళ్లు పెట్టుకున్న ప్రమాణం. ఆ పరీక్షలో బట్టతోపాటు కుట్లని కూడా చూస్తారు, కాబట్టి అది కనపడితే మంచి గుర్తే.

నా అనుభవంలో వాన బట్టలోంచి వచ్చింది తక్కువ. సందుల్లోంచే వస్తుంది. ఒక్కొక్కటీ చెప్తాను.

కాళ్ల మధ్యన. అన్నిటికన్నా మొండిది ఇదే. ట్యాంకు మీద పడ్డ నీళ్లన్నీ జారి సీటు ముందు భాగంలో చిన్న మడుగు కడతాయి. మనం కూర్చునేది సరిగ్గా అందులోనే. అక్కడే నాలుగు కుట్లు కలుస్తాయి, పైన బరువు పడుతుంది, కదిలినప్పుడల్లా రాపిడి. కాబట్టి ప్యాంటు కొనేటప్పుడు ఆ చోట కుట్లు ఒకే బిందువులో కలవకుండా విడిగా ఒక వెడల్పాటి ముక్క వేసి కుట్టినదాన్ని చూడండి. ముందు జిప్ ఉన్న ప్యాంటు అసలు వద్దు. నడుముకి ఎలాస్టిక్ ఉండి లాగి తొడుక్కునేదే మేలు. జాకెట్ అంచు ప్యాంటు మీదకి కనీసం జానెడు రావాలి, వంగి కూర్చున్నా రావాలి.

మెడ. హెల్మెట్ వెనక అంచు నుంచి నీళ్లు నేరుగా కాలర్‌లోకి కారతాయి. కాలర్ ఎత్తుగా ఉండాలి, వెల్క్రోతో బిగించుకునేలా ఉండాలి. హుడ్ ఉన్న సూట్ అయితే దాన్ని మడిచి కాలర్ లోపల పెట్టేసే వీలుండాలి, లేకపోతే నీళ్లు పట్టి కూర్చుంటుంది, వేగంలో గాలికి వెనక్కి లాగుతుంది. మెడకి బఫ్ (గొట్టంలా ఉండే సాగే గుడ్డ) వేసుకునే అలవాటుంటే అది మొత్తం కాలర్ లోపలే ఉండాలి. ఒక అంచు బయట తడిసిందా, ఆ తడి మెల్లగా పాకి ఛాతీ దాకా వస్తుంది.

మణికట్టు. పోయినసారి మాతో వచ్చిన కాకినాడ కుర్రాడు సూట్ పాడైందని గోల. ఎడమ చెయ్యి మోచేతి దాకా తడి, కుడిచెయ్యి పొడి. విప్పించి చూస్తే సూట్‌కి ఏం కాలేదు. లోపల ఫుల్ హ్యాండ్స్ కాటన్ టీషర్టు. వాచీ చూసుకోవడానికి లాగినప్పుడల్లా దాని అంచు అంగుళం బయటికి వచ్చింది, ఆ అంగుళమే నీళ్లని మోచేతి దాకా మోసుకెళ్లింది. టీషర్టు మార్చి, చేతులు మడిచి పైకి నెట్టాక సాయంత్రం దాకా తడి లేదు.

ముందు జిప్. జిప్ మాత్రం ఒంటరిగా నీళ్లు ఆపలేదు. దాని మీద ఒక పట్టీ, వీలైతే లోపల ఇంకో పట్టీ ఉండాలి. వాటర్‌ప్రూఫ్ జిప్ అని నల్లటి రబ్బరు పూతతో వస్తున్నాయి. కొత్తలో బాగానే ఉంటాయి, పూత పగిలాక అవీ మామూలు జిప్పులే. బయట జేబులుంటే వాటిలోకి నీళ్లొస్తాయి అనుకునే ఉండండి. టోల్ చిల్లర తప్ప ఇంకేమీ పెట్టకండి.

మెటీరియల్ విషయంలో రెండు దారులున్నాయి. పీవీసీ సూట్లు చవక, నీళ్లు ససేమిరా రానివ్వవు, కానీ గాలి కూడా ఆడదు. చలికి గట్టిపడి మడతల దగ్గర పగుళ్లొస్తాయి. పక్కూరికెళ్లి రావడానికి ఓకే. రోజంతా వేసుకోవాలంటే లోపలివైపు పీయూ (పాలీయురేథేన్) పూత ఉన్న నైలాన్ లేక పాలిస్టర్ సూట్ తీసుకోండి. తేలిక, చిన్నగా మడత పడుతుంది. లోపల వల లాంటి అస్తరు ఉన్నది ఇంకా నయం, చెమటకి ఒంటికి అంటుకోదు. మన దేశపు రైడింగ్ కంపెనీలు చేసే ఇలాంటి సూట్లు మూడు నాలుగు వేల నుంచి దొరుకుతున్నాయి. మీ అవసరానికి ఆ ధరలోవి చాలు.

రంగు గురించి ఒక్క మాట, ఇక్కడ మాత్రం నేను రాజీపడను. నలుపు కొనకండి. ఘాట్‌లో మబ్బు రోడ్డు మీదకి దిగుతుంది, ఎదురుగా వచ్చే ఎస్టీ బస్సు (మహారాష్ట్ర ప్రభుత్వ బస్సు) డ్రైవర్‌కి మీరు కనపడాలి. పగలు కనపడేది ఫ్లోరసెంట్ పసుపో నారింజో. రాత్రి హెడ్‌లైట్ వెలుగులో కనపడేది రిఫ్లెక్టివ్ పట్టీలు. రెండూ వేరు వేరు పనులు, రెండూ ఉండాలి. మురికి కనపడదని నలుపు కొంటాం అనేవాళ్లకి నా సమాధానం ఒకటే: మురికే కాదు, మీరూ కనపడరు.

సైజు. ఆన్‌లైన్ చార్ట్ చూసి మీ చొక్కా సైజు ఆర్డర్ చేస్తే ఖాయంగా ఇరుకవుతుంది. లోపల జాకెట్, భుజం గార్డులు, మోచేతి గార్డులు, మోకాలి గార్డులు ఉంటాయి. ఒకటి లేక రెండు సైజులు పెద్దది కావాలి. షాపుకి పూర్తి గేర్‌తో వెళ్లండి. తొడుక్కుని అద్దం ముందు నిలబడి ప్రయోజనం లేదు, బయటున్న మీ బండి మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకోండి. చేతులు చాపగానే మణికట్టు బయటపడుతుందా? మోకాళ్లు మడవగానే ప్యాంటు అంచు పిక్క మీదకి ఎగబాకుతుందా? నిలబడినప్పుడు ప్యాంటు మడమ కింద నేలకి తగిలేంత పొడవుంటేనే కూర్చున్నప్పుడు బూటు మీదకి సరిపోతుంది. అలాగని మరీ వదులుగా ఉంటే గాలికి టపటపా కొట్టుకుంటుంది, గంటలో భుజాలు లాగేస్తాయి. చేతుల మీద, నడుము దగ్గర, పిక్కల దగ్గర బిగించుకునే పట్టీలున్నది చూడండి. కాలి పక్క జిప్ మోకాలి దాకా ఉంటే బూటు విప్పకుండానే తొడుక్కోవచ్చు. బురదలో ఒంటికాలి మీద నిలబడి బూట్లు విప్పే బాధ తప్పుతుంది.

ప్యాంటు కుడికాలు లోపలి వైపు చూడటం మర్చిపోకండి. వేడి సైలెన్సర్ తగిలితే నైలాన్ క్షణంలో కరిగి అతుక్కుంటుంది. మంచి సూట్లలో అక్కడ వేడి తట్టుకునే ముక్క వేస్తారు. లేకపోతే తోలు ముక్క ఒకటి అతికించుకున్నా పర్లేదు.

కొనగానే ఇంట్లో ఒక పరీక్ష చెయ్యండి, ఇది నేను అందరి చేతా చేయిస్తాను. లేత బూడిద రంగు కాటన్ టీషర్టు, అదే రంగు పైజామా వేసుకోండి, ఆ రంగు మీద చుక్క తడి కూడా నల్లగా కనపడుతుంది. పైన సూట్ వేసుకుని, బాత్రూంలో ప్లాస్టిక్ స్టూల్ మీద బండి మీద కూర్చున్నట్టు మోకాళ్లు దూరంగా పెట్టి కూర్చోండి. షవర్ తల మీద పడాలి, ఎవరైనా మగ్గుతో ఒడిలో నీళ్లు పోస్తూ ఉండాలి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. పావుగంట తర్వాత విప్పి చూస్తే తడి ఎక్కడ మొదలైందో పటం గీసినట్టు తెలిసిపోతుంది. ఒక్క కుట్టు దగ్గరే అయితే టెంట్లకి వాడే సీమ్ సీలర్ జిగురు రాస్తే సరి. ఎక్కువ చోట్ల ఉంటే వాపసు గడువులోగా తిరిగిచ్చెయ్యండి. అందుకే ప్రయాణానికి రెండు వారాల ముందే కొనమంటాను.

చేతుల సంగతికి వద్దాం. చేతులు తడిసి మొద్దుబారితే బ్రేక్ లీవర్ మీద పట్టు తెలియదు, ఘాట్‌లో అది నిజంగా ప్రమాదం. వాటర్‌ప్రూఫ్ గ్లవ్స్ దొరుకుతాయి కానీ లావుగా ఉంటాయి, లోపల తడిస్తే అస్తరు వేళ్లతోపాటు బయటికి ఊడొస్తుంది, మళ్లీ దూర్చడం నరకం. నేను చేసేది చాలా తేలిక: చేతికి పల్చటి నైట్రైల్ గ్లవ్స్, ఆ మెడికల్ షాపులో దొరికే నీలం రంగువి, వాటి మీద మామూలు రైడింగ్ గ్లవ్స్. పై గ్లవ్ తడిసినా చర్మానికి గాలి, నీళ్లు తగలవు. తోలు గ్లవ్స్ రంగు దిగి చేతులు నల్లబడే బాధ కూడా ఉండదు. ఒక పెట్టె తీసుకెళ్లండి, పూటకో జత. గ్లవ్ అంచు రెయిన్ జాకెట్ చేతి లోపలికి పోవాలి. మీ బండి మీద భుజం పైన, మణికట్టు కింద ఉంటుంది కాబట్టి నీళ్లు చేతి మీదుగా కిందికే జారతాయి. అంచు బయటికి వచ్చిందంటే గ్లవ్ గరాటు అవుతుంది. హ్యాండ్‌గార్డులు బిగించుకునే వీలుంటే బిగించుకోండి, సగం వాన అక్కడే ఆగిపోతుంది.

కాళ్లు. అంబోలి పైన టీ కొట్టు దగ్గర మా వాళ్లలో ఒకాయన ఖరీదైన వాటర్‌ప్రూఫ్ బూటు విప్పి బోర్లించాడు, గ్లాసుడు నీళ్లు కిందపడ్డాయి. రెండో దాంట్లోనూ అంతే. బూటులో లోపం లేదు. స్టైలుగా ఉంటుందని రెయిన్ ప్యాంటుని బూటు లోపలికి దోపాడు. ప్యాంటు మీదుగా జారిన నీళ్లన్నీ లోపలికి వెళ్లాయి, వాటర్‌ప్రూఫ్ బూటు కాబట్టి బయటికి పోలేదు! ప్యాంటు ఎప్పుడూ బూటు పైన ఉండాలి. మీకు మామూలు రైడింగ్ బూట్లే ఉంటే పైన తొడుక్కునే రబ్బరు అడుగున్న షూ కవర్లు కొనండి. అడుగు లేకుండా పల్చటి ప్లాస్టిక్‌తో వచ్చేవి మొదటి రోజే గేర్ లీవర్ దగ్గర చిరుగుతాయి. పొలం పనికి వాడే గంబూట్లు నీళ్లకి బాగుంటాయి కానీ చీలమండకి రక్షణ ఉండదు, పడితే కాలు వదిలి బూటు ఎగిరిపోతుంది, టూరింగ్‌కి వద్దు. బూట్లు తడిస్తే లాడ్జిలో పాత పేపర్లు ఉండలు చేసి కుక్కండి, రెండు గంటలకోసారి మార్చండి. సైలెన్సర్ మీదో హీటర్ ముందో పెడితే అడుగు ఊడుతుంది.

హెల్మెట్ వైజర్‌కి పిన్‌లాక్, అంటే లోపలివైపు తగిలించే రెండో పొర, వేసుకునే వీలుంటే తప్పక వేసుకోండి. రెండు పొరల మధ్య గాలి ఉండి లోపల పొగమంచు పట్టదు. దీని గురించి వేరే ప్రశ్న వేస్తే వివరంగా రాస్తాను, ఇక్కడ బట్టల సంగతే చాలా అయింది.

మీరు తప్పకుండా ఎదుర్కొనేది ఒకటుంది: సాయంత్రానికి లోపల తడిగా ఉంటుంది. సూట్ కారిందని కంగారు పడకండి. చెమట తడి వీపు మీద, మోచేతి మడతల్లో పలచగా అంతటా ఉంటుంది, గోరువెచ్చగా ఉంటుంది. కారిన తడి ఒక్కచోట మొదలవుతుంది, చల్లగా తగులుతుంది. పూత వేసిన ఏ సూట్‌లోనైనా మన వాతావరణానికి చెమట పట్టక తప్పదు. అందుకే లోపల కాటన్, జీన్స్ వద్దు. ఆటలకి వేసుకునే పాలిస్టర్ టీషర్టు, ట్రాక్ ప్యాంటు వేసుకోండి, చెమట పట్టినా త్వరగా ఆరుతుంది. తడిసిన జీన్స్‌తో రోజంతా కూర్చుంటే తొడలు ఒరుసుకుపోయి మర్నాడు సీటు మీద కూర్చోలేరు. కొల్హాపూర్ దాటాక పొద్దున్నే సూట్ తొడుక్కునే బయల్దేరండి. మబ్బు చూసి ఆగి తొడుక్కుందాం అనుకుంటే ఘాట్ మలుపులో ఆగే చోటే దొరకదు.

రాత్రి లాడ్జికి చేరగానే సూట్‌ని మంచినీళ్లతో కడిగి బాత్రూంలో తగిలించండి, విదిలిస్తే చాలు ఆరుతుంది. ఇంటికొచ్చాక డిటర్జెంట్‌తో వాషింగ్ మెషిన్‌లో వెయ్యకండి, ఎండలో ఆరబెట్టకండి. తడిగా మడిచి బండి పెట్టెలోనో అటక మీదో పడేస్తే వచ్చే జులైకి లోపలి పూత జిగటగా మారి పొట్టులా రాలుతుంది. వేడి, తేమ కలిస్తే పీయూ పూతకి జరిగేది అదే. నీడలో ఆరబెట్టి హ్యాంగర్‌కి తగిలించి ఉంచితే చాలా ఏళ్లు వస్తుంది.

రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజు మాత్రం ఎంత మంచి సూట్ ఉన్నా ఘాట్ ఎక్కకండి. కొండచరియకి వాటర్‌ప్రూఫింగ్ లేదు. ఒక రోజు ఖాళీగా పెట్టుకుని ప్లాన్ చేసుకోండి.

ఇక మీ ఆవిడ సంగతి. వెనక కూర్చునేవాళ్లకి వాన తక్కువ తగులుతుందనేది అపోహ. మీ వెనక ఉంటారు కాబట్టి ఆమె ఛాతీకి కొంత అడ్డు ఉంటుంది నిజమే, కానీ మోకాళ్లు, భుజాలు బయటే ఉంటాయి. మీ వీపు మీద జారిన నీళ్లన్నీ ఇద్దరి మధ్యా సీటు మీద చేరి ఆమె ఒడిలోకే వస్తాయి. వెనక చక్రం చిమ్మే బురద నీళ్లు ఆమె వీపుకి. పైగా మీకు హ్యాండిల్, క్లచ్, బ్రేకులతో ఒళ్లు కదులుతుంటుంది, ఆమె కదలకుండా కూర్చుంటారు కాబట్టి చలి ముందు ఆమెకే వేస్తుంది. ఆడవాళ్ల రెయిన్‌కోటు అని అమ్మే పొడుగాటి కోట్లు, పాంచోలు బండి వెనక అసలు పనికిరావు. కింది అంచు గాలికి ఎగిరి చైన్‌లోనో వెనక చక్రంలోనో పడే ప్రమాదం ఉంది. చున్నీ చక్రంలో పడితే ఏమవుతుందో మనందరికీ తెలుసు, ఇదీ అంతే. ఆమెకీ మీలాంటి రెండు ముక్కల సూటే కొనండి, చున్నీ లేకుండా ట్రాక్ ప్యాంటు మీద. మగవాళ్ల సూట్ చిన్న సైజు తెస్తే భుజాల దగ్గర వదులు, నడుము కింద ఇరుకు అవుతుంది, కూర్చోగానే కుట్టు మీద లాగుడు పడి అక్కడే కారుతుంది. అందుకని ఆమెనీ షాపుకి తీసుకెళ్లి, బండి వెనక కూర్చోబెట్టి, కాళ్లు ఫుట్‌రెస్ట్ మీద పెట్టించి చూడండి. కుడి మడమకీ సైలెన్సర్‌కీ మధ్య ఎంత దూరం ఉందో కూడా అప్పుడే చూసుకోండి. దగ్గరగా ఉంటే ఆ కాలికి ప్యాంటు అంచు బిగించడానికి అదనంగా ఒక వెల్క్రో పట్టీ కొని కట్టండి.